రెండు కార్బొరేటర్ల బీటిల్: స్క్రూ తిప్పే ముందు చూడాల్సినవి

పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కి రెండు వెబర్ కార్బొరేటర్లు (గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కి అందించేవి) బిగించినవాళ్ల నోట వినిపించే ఫిర్యాదు దాదాపు ఒకటే. హైవే మీద బండి బ్రహ్మాండంగా లాగుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే వణుకుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. పెడల్ నెమ్మదిగా తొక్కితే ఒక క్షణం తడబడి, తర్వాత ఒక్కసారిగా అందుకుంటుంది. వెంటనే నింద కార్బొరేటర్ల మీద పడుతుంది. ఎవరో ఒకరు స్క్రూడ్రైవర్ తీసి, పెట్రోలు పాళ్లు సరిచేసే నాలుగు మిక్స్చర్ స్క్రూలనూ తలా కాస్త తిప్పుతారు. బండి మునుపటి కంటే చెడుతుంది. పైగా ఏ స్క్రూ మొదట ఎక్కడుండేదో ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు.

నిజానికి ఆ ఫిర్యాదులోనే సగం జవాబు ఉంది. కార్బొరేటర్‌లోని 40 మి.మీ. గొట్టంలో, గాలిదారిని తెరిచి మూసే థ్రాటిల్ పలక పూర్తిగా తెరుచుకున్నప్పుడు, అటు పలకకీ ఇటు పలకకీ వెంట్రుకవాసి తేడా ఉంటే ఇంజన్ పట్టించుకోదు. ఐడిల్‌లో, అంటే పెడల్ తొక్కకుండా ఇంజన్ ఖాళీగా తిరిగేటప్పుడు, అలా కాదు. అప్పుడు పలకకీ గొట్టం గోడకీ మధ్య ఉండే సందే వెంట్రుకవాసి. అదే తేడా అక్కడ గాలిలో మూడో వంతో సగమో అయి కూర్చుంటుంది. కాబట్టి రెండు వైపులా సమానంగా లేని ఇంజన్ వేగంలో ఉన్నప్పుడు లోపాన్ని దాచేస్తుంది, బండి ఆగగానే బయటపెడుతుంది. హైవే మీద బాగుందంటే వేగంలో పెట్రోలు కొలిచి వదిలే మెయిన్ జెట్లు, పెట్రోలు పంపు దాదాపు సరిగానే ఉన్నట్టు. వెతకాల్సింది ఐడిల్ దగ్గర.

ఒకటి చాలదా

బీటిల్ ఇంజన్‌లో నాలుగు సిలిండర్లు రెండేసి చొప్పున అటూ ఇటూ పడుకుని ఉంటాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు నడిమధ్యన ఒకే సోలెక్స్ కార్బొరేటర్, దాని నుంచి సిలిండర్ల కొనల్ని మూసే రెండు హెడ్‌లకూ పొడవాటి పైపులు (మానిఫోల్డ్) ఉంటాయి. 1970ల మొదట్లో 1600 సీసీ ఇంజన్ మీద వచ్చిన 34 పిక్ట్-3 అలాంటిదే. కార్బొరేటర్ నుంచి బయల్దేరిన పెట్రోలు తుంపర అంత దూరం వెళ్లేలోపు చల్లబడి పైపు గోడలకు తడిగా అంటుకుంటుంది. దాన్ని మళ్లీ ఆవిరి చేయడానికే ఆ పైపుని ఆనుకుని, సైలెన్సర్ నుంచి వేడి పొగ పారే ఇంకో సన్నటి పైపు పెట్టారు. అది మసితో పూడిపోతే చలిదేశాల్లో మానిఫోల్డ్ మీద మంచు పేరుకునేది.

ఒక్కో హెడ్ నెత్తిన ఒక్కో కార్బొరేటర్ పెడితే ఆ ప్రయాణమంతా కొద్ది అంగుళాలకు తగ్గిపోతుంది. పోర్షే 356 మొదటి నుంచీ రెండింటితోనే నడిచింది. ఫోక్స్‌వ్యాగన్ కూడా 1963లో టైప్ 3 శ్రేణిలో 1500 ఎస్ మోడల్‌కి రెండు సోలెక్స్‌లు పెట్టింది. 1972 మోడల్ వ్యాన్‌లో, 1700 సీసీ ఇంజన్ మీద, మళ్లీ రెండు వచ్చాయి. ఆ వ్యాన్‌లో ఇంజనీర్లు చేసిన ఒక పని చూడదగ్గది. ఐడిల్‌కి కావాల్సిన మిశ్రమాన్ని ఎడమ కార్బొరేటర్‌లోని ఒకే సర్క్యూట్‌లో తయారుచేసి, సన్నటి గొట్టాలతో రెండు వైపులకూ పంచారు. రెండు కార్బొరేటర్లను ఐడిల్‌లో ఎప్పటికీ సమానంగా ఉంచడం మామూలు వర్క్‌షాపు వల్ల అయ్యే పని కాదని కంపెనీకే అనిపించి ఉండాలి.

ఇటలీలోని బొలోన్యాలో 1923లో మొదలైన వెబర్ కంపెనీ వారి 40 ఐడీఎఫ్ జత ఇందుకు పూర్తిగా ఎదురు దారి. ఒక్కో కార్బొరేటర్‌కి రెండేసి గొట్టాలు, అంటే సిలిండర్‌కి ఒక గొట్టం. దేనికి దానికే ఐడిల్ జెట్, మెయిన్ జెట్, మిక్స్చర్ స్క్రూ. ఇవి నాలుగేసి. గాలిని సరిచేసే స్పీడ్ స్క్రూలు రెండు. బోరు పెంచిన 1776 సీసీ ఇంజన్ల మీద ఈ జత బాగా వాడుకలో ఉంది. శక్తి ఇస్తుంది, పికప్ ఇస్తుంది. సిలిండర్లు ఒకదాని లోటు ఇంకొకటి పూడ్చుకునే వెసులుబాటు మాత్రం ఇవ్వదు. జోడెడ్లలో ఒకటి ముందుకు లాగితే కాడి వంకరపోయినట్టు, ఒక వైపు ఎక్కువ గాలి పీలిస్తే ఆ వైపు సిలిండర్లు రెండో వైపు వాటిని మోసుకుంటూ తిరుగుతాయి. మనకి తెలిసే వణుకు అదే. మన దగ్గర 1980ల్లో వచ్చిన రాజ్‌దూత్ 350 నడిపినవాళ్లకి ఈ బాధ కొత్త కాదు. రెండు సిలిండర్లు, రెండు కార్బొరేటర్లు, రెండూ ఒకేసారి లేవకపోతే చేతుల్లోకి వచ్చే ఆ ఝల్లు ఇలాంటిదే.

తప్పు కార్బొరేటర్‌ది కానప్పుడు

ట్యూనింగ్ అంటే కార్బొరేటర్‌తో మొదలయ్యే పని కాదు. అది చివరి పని. మిగతావాటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా అది కార్బొరేటర్ లోపం వేషంలోనే కనిపిస్తుంది, దాన్ని స్క్రూతో సర్దబోతే రెండు తప్పులు తయారవుతాయి.

ట్యాపెట్లు, అంటే వాల్వ్‌ల దగ్గర వదిలే సందు చూడండి. ఈ ఇంజన్‌కి 0.15 మి.మీ., అదీ రాత్రంతా నిలబడి పూర్తిగా చల్లారిన ఇంజన్ మీద. ఒక ఎగ్జాస్ట్ వాల్వ్ బిగుసుకుని పూర్తిగా మూసుకోకపోతే ఆ సిలిండర్ ఐడిల్‌లో బలహీనపడుతుంది. చూసేవాళ్లకి ఆ వైపు మిక్స్చర్ తక్కువైనట్టు ఉంటుంది. స్క్రూ విప్పి పెట్రోలు పెంచుతారు. ప్లగ్ నల్లబడుతుంది, వాల్వ్ మాత్రం కాలుతూనే ఉంటుంది.

ప్లగ్‌లకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల గ్యాప్ 0.4 మి.మీ. దగ్గర ఉండాలి. టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం) విషయంలో ఇంకో మెలిక ఉంది. సిలిండర్‌కో గొట్టం ఉన్నప్పుడు ఏ గొట్టంలోనూ నిలకడైన వ్యాక్యూమ్ ఉండదు, దడదడలాడుతూ ఉంటుంది. అందుకని ఇలాంటి ఇంజన్ల మీద, వ్యాక్యూమ్‌ని బట్టి నిప్పురవ్వను ముందుకు జరిపే వ్యాక్యూమ్ అడ్వాన్స్ లేని, వేగాన్ని బట్టి మాత్రమే పనిచేసే బాష్ 009 డిస్ట్రిబ్యూటర్ ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని ఐడిల్‌లో సెట్ చేసి వదిలేస్తే చాలదు. 3000 ఆర్‌పీఎం దాటాక మొత్తం అడ్వాన్స్ 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఆగుతోందా అని టైమింగ్ లైట్‌తో చూడాలి. పెడల్ తొక్కగానే వచ్చే తడబాటులో ఈ డిస్ట్రిబ్యూటర్ వాటా కూడా కొంత ఉంటుంది. ఆ పాపమంతా, పెడల్ తొక్కగానే అదనంగా పెట్రోలు చిమ్మే యాక్సిలరేటర్ పంప్ మీదకి నెట్టేయడం మామూలే.

తర్వాత గాలి లీకు. మానిఫోల్డ్ కింద గాస్కెట్, కార్బొరేటర్ కింద గాస్కెట్, అరిగిన థ్రాటిల్ షాఫ్ట్. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఈ చోట్ల కొద్దిగా కార్బొరేటర్ క్లీనర్ కొడితే, లీకున్న చోట ఆర్‌పీఎం మారుతుంది. ఆ స్ప్రే అంటుకునే పదార్థం, పక్కనే వేడి ఎగ్జాస్ట్ ఉంటుంది. అగ్నిమాపక సిలిండర్ చేతికందే చోట లేకుండా ఈ పని చేయకూడదు. పెట్రోలు ప్రెషర్ 3 పీఎస్‌ఐ దగ్గర ఉంటే ఐడీఎఫ్‌కి చాలు. అంతకంటే బాగా ఎక్కువైతే ఫ్లోట్ నొక్కిపెట్టే సూది నిలవలేదు, కార్బొరేటర్‌లో పెట్రోలు నిల్వ ఉండే గిన్నె పొంగుతుంది, ఆ తర్వాత మిక్స్చర్ స్క్రూతో ఏం చేసినా వృథా.

ముందు గాలి, తర్వాత పెట్రోలు

ఇవన్నీ అయ్యాక బండిని ఓ ఇరవై నిమిషాలు తిప్పి ఇంజన్ బాగా వేడెక్కాక పని మొదలుపెట్టాలి. చల్లటి ఇంజన్ మీద చేసిన ట్యూనింగ్ చల్లటి ఇంజన్‌కే పనికొస్తుంది. బీటిల్ క్రాంక్‌కేస్ మెగ్నీషియం మిశ్రమలోహం. 80 డిగ్రీలు వేడెక్కితే ప్రతి 100 మి.మీ.కి సుమారు 0.2 మి.మీ. సాగుతుంది. రెండు కార్బొరేటర్లనూ కలిపే ఉక్కు రాడ్ అంత వేడెక్కదు, ఎక్కినా అందులో సగమే సాగుతుంది. అంటే ఇంజన్ వేడెక్కే కొద్దీ లింకేజ్ (ఆ రాడ్లు, లివర్ల అమరిక) కోణాలు కాస్త జరుగుతాయి. ఐడిల్‌లో వెంట్రుకవాసి లెక్కలోకి వస్తుందని పైన చెప్పుకున్నది ఇక్కడే అక్కరకొస్తుంది.

మొట్టమొదట లింకేజ్ రాడ్లు ఊడదీయాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. రాడ్లు ఉండగా ఒక స్పీడ్ స్క్రూ తిప్పితే అది రెండో వైపునూ కదిలిస్తుంది. ఎవరు ఎవరిని మోస్తున్నారో అంతుపట్టదు. రాడ్లు తీశాక రెండు స్పీడ్ స్క్రూలనూ పూర్తిగా వెనక్కి తిప్పి, థ్రాటిల్ లివర్‌ని తాకేదాకా తెచ్చి, అక్కడి నుంచి అర చుట్టు లోపలికి. మిక్స్చర్ స్క్రూలను సుతారంగా అడుగు తాకించి, చుట్టున్నర నుంచి రెండు చుట్లు బయటికి. గట్టిగా బిగిస్తే సూది మొనకి గాటు పడుతుంది, ఆ సూది ఇక ఎప్పటికీ సరిగా సెట్ కాదు.

ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి 900 ఆర్‌పీఎం దగ్గర నిలబెట్టి, గాలి కొలవాలి. జర్మన్ ఎస్‌కే సింక్రోమీటర్ ఇందుకు అనువైనది. రబ్బరు మూతి గొట్టం మీద సందు లేకుండా ఆనిస్తే, గంటకి ఎన్ని కిలోల గాలి పోతోందో ముల్లు చూపిస్తుంది. ఎడమ వైపు 5, కుడి వైపు 4 చూపించిందనుకుందాం. ఆర్‌పీఎం ఎక్కువగా ఉంటే ఎడమది తగ్గించాలి, తక్కువగా ఉంటే కుడిది పెంచాలి. స్క్రూలు ఎన్ని చుట్లు తిరిగాయన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. రెండు వైపులా సమానంగా తిప్పాం కాబట్టి సమానంగా ఉంటుందనుకోవడమే ఈ పనిలో జరిగే పెద్ద పొరపాటు. ఒకే కార్బొరేటర్‌లోని రెండు గొట్టాల మధ్య కొద్ది తేడా ఉంటే, పక్కనున్న చిన్న బైపాస్ స్క్రూతో తక్కువున్న గొట్టానికి కాస్త గాలి వదలవచ్చు. తేడా బాగా ఎక్కువుంటే షాఫ్ట్ మెలి తిరిగిందని అర్థం. దానికి స్క్రూతో వైద్యం లేదు.

గాలి సమానమయ్యాకే పెట్రోలు. ఒక్కో మిక్స్చర్ స్క్రూనూ నెమ్మదిగా లోపలికి తిప్పుతూ పోతే ఒక చోట ఆ సిలిండర్ మిస్ కొడుతుంది. అక్కడి నుంచి వెనక్కి, ఇంజన్ నునుపుగా అందుకునేదాకా, ఆపైన పావు చుట్టు. నాలుగూ అయ్యేసరికి ఐడిల్ పెరుగుతుంది. రెండు స్పీడ్ స్క్రూలనూ కాస్త తగ్గించి, మళ్లీ గాలి కొలిచి, మళ్లీ మిక్స్చర్ చూడాలి. రెండో విడతకి చాలావరకు కుదురుకుంటుంది.

ఈ వరుస ఎందుకు తిరగబడకూడదంటే, థ్రాటిల్ పలక అంచుకి కాస్త పైన గొట్టం గోడలో సన్నటి ప్రోగ్రెషన్ రంధ్రాలు ఉంటాయి. పెడల్ తొక్కినప్పుడు పలక ఒక్కొక్క రంధ్రాన్నీ దాటుతూ పోతుంది, ఆ రంధ్రాల నుంచి వచ్చే పెట్రోలే మెయిన్ జెట్ అందుకునేదాకా బండిని నడుపుతుంది. స్పీడ్ స్క్రూ ఎక్కువ తిప్పి ఐడిల్ నిలబెడితే ఆ రంధ్రాలు ఐడిల్‌లోనే తెరుచుకుంటాయి. అప్పుడు మిక్స్చర్ స్క్రూ తిప్పినా ఇంజన్ పలకదు, పెడల్ తొక్కితే అందించడానికి ఏమీ మిగలదు. స్పీడ్ స్క్రూ తాకిన చోటు నుంచి ఒక చుట్టు కంటే ఎక్కువ లోపలికి వెళ్తే తప్ప ఇంజన్ నిలబడటం లేదంటే, ఐడిల్ జెట్ చిన్నదైనా అయి ఉండాలి, గాలి లీకైనా ఉండాలి.

చివర్న లింకేజ్. రాడ్లను మళ్లీ తగిలించేటప్పుడు లివర్ మీది బంతిపై రాడ్ కొననున్న గిన్నె దానంతటదే కూర్చోవాలి, ఏ వైపు లివరూ కదలకూడదు. రాడ్‌కి ఒక కొనన కుడి మర, ఇంకో కొనన ఎడమ మర ఉంటాయి కాబట్టి, దాన్ని ఉన్నచోటే తిప్పి పొడవు మార్చవచ్చు. తర్వాత ఇంజన్‌ని 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి మళ్లీ గాలి కొలవాలి. ఐడిల్‌లో సరిపోయిన రెండు వైపులు ఇక్కడ తేడా చూపిస్తే దోషం రాడ్ పొడవుదో, లివర్ కోణానిదో. దాన్ని స్పీడ్ స్క్రూతో సర్దితే ఐడిల్ చెడుతుంది. బండి ఊళ్లో గడిపే సమయంలో ఎక్కువ భాగం ఈ మధ్య వేగంలోనే కాబట్టి, ఈ రెండో కొలత లేని ట్యూనింగ్‌ని సగం పని కిందే లెక్కేయాలి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్ మీద, లివర్లు రెండూ తమ స్క్రూల మీద ఆనుతున్నాయా అని ఒకసారి చూసుకోవడం మంచిది.

అర మిల్లీమీటరు రంధ్రం

అన్నీ బాగున్న బండి ఉన్నట్టుండి ఒక రోజు మూడు సిలిండర్ల మీద నడుస్తుంది. ఐడీఎఫ్ ఉన్నవాళ్లకి ఇది తప్పదు. 50 నంబరు ఐడిల్ జెట్ అంటే రంధ్రం 0.50 మి.మీ. ట్యాంకు తుప్పు రేణువు, పాత రబ్బరు పైపు లోపలి పొట్టు, ఏదైనా చాలు. ఏ మిక్స్చర్ స్క్రూ తిప్పితే ఇంజన్ శబ్దం మారదో, ఆ సిలిండర్ జెట్టే మూసుకుపోయింది. ఐడిల్ జెట్ హోల్డర్ బయటి నుంచే ఊడుతుంది కాబట్టి, కార్బొరేటర్ విప్పక్కర్లేదు. ఊది, వెలుతురుకి పెట్టి చూసి, మళ్లీ బిగించడమే. తీగ పెట్టి పొడవకూడదు, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ నంబరుకి అర్థం ఉండదు. స్క్రూ శబ్దంతో తేల్చుకోలేకపోతే, చల్లటి ఇంజన్‌ని స్టార్ట్ చేసి నాలుగు ఎగ్జాస్ట్ పైపుల మీదా తలా ఒక నీటి చుక్క వేసి చూడొచ్చు. చుర్రుమనని పైపు చచ్చిన సిలిండర్‌ది.

ఈ రోజుల్లో చాలామంది సైలెన్సర్‌లో, పొగను బట్టి గాలి-పెట్రోలు పాళ్లు చూపే వైడ్‌బ్యాండ్ లాంబ్డా సెన్సర్ పెట్టుకుని, అందులో కనిపించే అంకెను బట్టి జెట్లు మారుస్తున్నారు. పనికొచ్చే వస్తువే. కానీ అది చూపేది నాలుగు సిలిండర్ల సగటు. ఒక వైపు పెట్రోలు ఎక్కువై, ఇంకో వైపు తక్కువైతే అంకె ముచ్చటగా ఉంటుంది, ఇంజన్ మాత్రం వణుకుతుంది. నీళ్ల ఇంజన్‌లో వేడిని చుట్టూ ఉన్న నీళ్లు ఎంతో కొంత సర్దుతాయి. గాలితో చల్లబడే ఇంజన్‌లో ఆ వీలు తక్కువ, లీన్‌గా (పెట్రోలు తక్కువై) నడిచే సిలిండర్ తన వేడి తానే భరించాలి. 1971 మోడల్‌కి ముందు బీటిల్‌లో ఆయిల్ కూలర్ సరిగ్గా మూడో సిలిండర్‌కి వెళ్లే గాలికి అడ్డంగా ఉండేది, ఆ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ ముందుగా పోవడం ఆ ఇంజన్లలో పాత కథ. అలాంటి ఇంజన్ మీద ఎడమ కార్బొరేటర్ లీన్‌గా ఉంటే సగటు అంకెను నమ్ముకోవడం ఖరీదైన ధీమా. నాలుగు ప్లగ్‌లూ తీసి పక్కపక్కన పెట్టి చూడటమే దానికి విరుగుడు.

ఈ20 వచ్చాక

భారత్‌లో బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంది. పాత కార్బొరేటర్ బండి ఏదైనా సరే దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి ఒక కిలోకి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. ఈ20కి అది 13.5 దగ్గర తేలుతుంది. ఇంజెక్షన్ బండిలో కంప్యూటర్ ఆ తేడాను గమనించి పెట్రోలు పెంచుకుంటుంది. జెట్‌కి ఆ తెలివి లేదు. అదే జెట్‌తో ఇంజన్ దాదాపు 8 శాతం లీన్ అవుతుంది. మెయిన్ జెట్‌ని 125 నుంచి 130కి మారిస్తే రంధ్రం వైశాల్యం సరిగ్గా ఆ 8 శాతమే పెరుగుతుంది కాబట్టి, అక్కడ సర్దుబాటు సులువు. ఐడిల్ జెట్ దగ్గరే చిక్కు. 50 నుంచి 55కి వెళ్తే ఒకేసారి 21 శాతం పెరుగుతుంది. ఐడిల్‌లో మిక్స్చర్ స్క్రూ లోపలికి తిప్పి దాన్ని తగ్గించవచ్చు గానీ, ప్రోగ్రెషన్ రంధ్రాలకి ఏ స్క్రూ లేదు, అక్కడ జెట్ ఇచ్చిందే వస్తుంది. గాలితో చల్లబడే ఇంజన్ విషయంలో కాస్త లీన్ కంటే కాస్త రిచ్ నయం. మైలేజీ తగ్గుతుంది, హెడ్ మిగులుతుంది. రబ్బరు పైపులు మాత్రం ఇథనాల్‌ని తట్టుకునే రకానికి మార్చుకోవాల్సిందే. నెలల తరబడి కదలని బండి అయితే గిన్నెల్లో పెట్రోలు నిల్వ ఉండనివ్వకూడదు. ఇథనాల్ తేమను లాక్కుంటుంది, లోపల తెల్లటి పొడి కడుతుంది.

మన ఎండాకాలంలో ఇంకో తమాషా ఎదురవుతుంది. కూలింగ్ ఫ్యాన్ ఇంజన్‌తోనే తిరుగుతుంది కాబట్టి, బండి ఆపగానే గాలీ ఆగుతుంది. హెడ్‌ల వేడి పొట్టి మానిఫోల్డ్‌ల గుండా నేరుగా పైనున్న కార్బొరేటర్లకి ఎక్కుతుంది. గిన్నెల్లో పెట్రోలు మరిగి గొట్టాల్లోకి కారుతుంది. టీ తాగి పది నిమిషాల తర్వాత వస్తే బండి స్టార్ట్ కాదు. ట్యూనింగ్ మళ్లీ పోయిందని స్క్రూడ్రైవర్ తీసేది చాలావరకు ఇలాంటప్పుడే. కార్బొరేటర్ కింద వేడి ఎక్కనివ్వని మందపాటి ఫినాలిక్ స్పేసర్ వేస్తే ఈ బెడద చాలా తగ్గుతుంది. అప్పటిదాకా చేయగలిగింది, పెడల్‌ని ఒకేసారి అడుగుదాకా తొక్కి, అలాగే పట్టి ఉంచి సెల్ఫ్ కొట్టడం. పెడల్ పంప్ చేయకూడదు. ప్రతి తొక్కుకీ యాక్సిలరేటర్ పంపులు నాలుగు గొట్టాల్లోకీ ఇంకాస్త పెట్రోలు చిమ్ముతాయి, ఇంజన్‌కి అప్పుడు కావాల్సింది గాలి.